హిసాబూ బయానూ ఒకే కాగజ్ మీద

ఇంట్లో షాదీ అయిపోయాక ఖర్చుల మాట వస్తుంది. 'మొత్తం ఇంతయింది' అని ఒక్క అంకె చెప్పి లేచిపోతే పెద్దలెవరూ ఊరుకోరు. షాదీఖానా కిరాయి ఎంత, దావత్‌కి ఎంత, జోడాలకెంత, ఎవరికి ఇంకా బాకీ ఉంది అన్నీ వరుసగా చెప్పాల్సిందే. చెప్పేవాడి మీద షక్ ఉండి అడగరు. నలుగురి సొమ్ము అయినప్పుడు హిసాబ్ నలుగురి ముందూ ఉండాలి, అంతే. కాగితం మీద రాసుకొచ్చిన మనిషికి ఇజ్జత్ పెరుగుతుంది తప్ప తగ్గదు.

సైన్సులో, ఆర్థికశాస్త్రంలో కూడా ఇదే రివాజ్ ఉంటుందని అనుకుంటాం. చాలా కాలం లేదు. నతీజా పత్రికలో అచ్చయ్యేది. ఆ నతీజా పుట్టిన లెక్క మాత్రం రాసినవాళ్ల కంప్యూటర్‌లోనే ఉండిపోయేది. ఆ రెండింటినీ ఒకే కాగజ్ మీదికి తెచ్చి, దునియా అంతా చదివేలా వెబ్ పేజీగా పెట్టడం ఎలా మొదలైంది, దాని వెనక ఎవరెవరి మెహనత్ ఉంది అన్నదే ఈ దాస్తాన్. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో జూపిటర్, గిట్‌హబ్ అనే పేర్లు రోజూ వినబడుతుంటాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో అమ్మీఅబ్బాలకు కూడా తెలిస్తే బాగుంటుంది.

ఒక ఎక్సెల్ ఫైలు ఖిస్సా

ముందు ఒక ఖిస్సా. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు ఒక వ్యాసం రాశారు. ఒక దేశపు సర్కారీ అప్పు ఆ దేశపు జీడీపీలో 90 శాతం దాటితే అక్కడ వృద్ధి పడిపోతుందని, సగటున సున్నా కంటే కూడా కొంచెం కిందికి, అంటే మైనస్ 0.1 శాతానికి వెళుతుందని అందులో ఉంది. అది ఐరోపా, అమెరికా అప్పుల గొడవలో మునిగి ఉన్న సమయం. సర్కారీ ఖర్చు కోయాలని అంటున్న నాయకులకు ఈ 90 అనే అంకె మంచి దలీల్‌గా దొరికింది. ఖర్చు కోయడమంటే ఉద్యోగాలు పోవడం, పింఛన్లు తగ్గడం, ఆస్పత్రులకు డబ్బు ఆగడం. అంకె కాగితం మీదే ఉంటుంది, దాని అసర్ మాత్రం పొయ్యి దాకా వస్తుంది.

మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ తాలిబ్-ఎ-ఇల్మ్ ఉన్నాడు. అచ్చయిన ఒక వ్యాసాన్ని తీసుకుని దాని లెక్కలు మళ్లీ చేసి చూపమని క్లాసులో పని ఇచ్చారు. అతను ఈ వ్యాసాన్నే ఎంచుకున్నాడు. ఎన్నిసార్లు చేసినా అంకె కలవలేదు. చివరికి రాసినవాళ్లనే అడిగితే వాళ్లు తమ ఎక్సెల్ ఫైలు పంపారు. చూస్తే, సగటు తీసే ఫార్ములాలో 20 దేశాలు ఉండాల్సిన చోట చివరి 5 వరుసలు జారిపోయి ఉన్నాయి. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. ఇంకా కొన్ని సంవత్సరాల వివరాలు వదిలేయడం, సగటు తీసిన తరీకా మీద కూడా అతనికి, అతని ఉస్తాద్‌లు మైకేల్ యాష్, రాబర్ట్ పోలిన్‌లకు అభ్యంతరాలున్నాయి. ముగ్గురూ కలిసి 2013 ఏప్రిల్‌లో తమ వ్యాసం బయటపెట్టారు. వాళ్ల లెక్కలో ఆ మైనస్ 0.1 కాస్తా 2.2 శాతం అయింది.

ఎక్సెల్‌లో పొరపాటు జరిగిందని అసలు రచయితలు ఒప్పుకున్నారు. మా అసలు మాట మాత్రం నిలబడే ఉందన్నారు. ఆ బహస్‌లో ఎవరిది పైచేయి అన్నది ఆర్థికవేత్తలు తేల్చుకోనీ. మనం చూడాల్సింది ఇంకొకటి. మూడేళ్ల పాటు నతీజా దునియా అంతా తిరిగింది, హిసాబ్ ఒక ఫైలులో కూర్చుని ఉంది. మొదటి రోజే రెండూ కలిసి బయటికి వచ్చి ఉంటే, జారిపోయిన ఆ 5 వరుసలను ఎవరో ఒకరు మొదటి వారంలోనే చూసేవాళ్లు.

ఉర్గెంచ్ వెళ్లిన ఉస్తాద్

లెక్కనూ మాటనూ కలిపి రాయడం కొత్త సంగతేం కాదు. అల్గారిదమ్ అనే మాట ఎవరి పేరు నుంచి వచ్చిందో ఆ ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్-ఖ్వారిజ్మీ 9వ శతాబ్దపు బగ్దాద్‌లో, ఖలీఫా మామూన్ జమానాలో, అల్-జబ్ర్ మీద కితాబ్ రాసినప్పుడు అందులో ఈనాటి ఎక్స్, వై లాంటి గుర్తులేవీ లేవు. అంతా వాక్యాలే. ముందు సవాల్, తర్వాత దాన్ని తీర్చే తరీకా, ఆ తరీకా ఎందుకు సరైనదో బొమ్మ గీసి చూపే సబూత్. ఆ కితాబ్‌లో పెద్ద భాగం వసీయత్, మీరాస్ లెక్కలే. చనిపోయినవారి ఆస్తిలో ఎవరికెంత వాటా అన్నది. ఆ లెక్క ఎలా వచ్చిందో చెప్పకుండా అంకె మాత్రం చెబితే వారసులు ఎవరు ఒప్పుకుంటారు?

1979 సెప్టెంబరులో ఈ ఖ్వారిజ్మీ పుట్టిన ప్రాంతానికే, ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లోని ఉర్గెంచ్ పట్టణానికి, కొందరు గణిత, కంప్యూటర్ పండితులు జమ అయ్యారు. ఆ జల్సా ఏర్పాటు చేసిన ఇద్దరిలో ఒకరు సోవియట్ శాస్త్రవేత్త ఆంద్రే యెర్షోవ్, రెండోవారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన డొనాల్డ్ నూత్. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కళ మీద ఆయన రాస్తున్న సంపుటాలు అప్పటికే ఆ రంగంలో ప్రమాణ గ్రంథాలు.

ఆ నూత్‌కి 1977లో ఒక చిరాకు కలిగింది. తన పుస్తకం రెండో కూర్పు ప్రూఫులు వచ్చాయి, గణిత సమీకరణాల అచ్చు వికారంగా ఉంది. కాతిబ్ చేతి అందం తెలిసినవాడికి ఎగుడుదిగుడు అచ్చు చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆయనకు. అక్షరాలు పేర్చే ప్రోగ్రామ్ తానే రాసుకోవాలని కూర్చున్నారు. అదే టెక్. గణితం, భౌతికశాస్త్రం వ్యాసాలు ఈ రోజుకీ ఎక్కువగా దాని మీదే తయారవుతాయి.

అంత పెద్ద ప్రోగ్రామ్ రాస్తున్నప్పుడు ఆయన ఒక కొత్త తరీకా పెట్టుకున్నారు. ప్రోగ్రామ్ అనేది మెషీన్‌కి ఇచ్చే హుకుం మాత్రమే అనుకోకుండా, ఇంకో మనిషికి చెప్పే బయాన్‌లా రాయాలి. ఒకే ఫైలులో మాటలూ కోడూ కలిసి ఉంటాయి. దాని నుంచి ఒక పనిముట్టు మెషీన్‌కి కావలసిన కోడ్ తీస్తుంది, ఇంకో పనిముట్టు మనిషి చదివే కితాబ్ తయారు చేస్తుంది. 1984లో ఈ పద్ధతికి 'లిటరేట్ ప్రోగ్రామింగ్' అని పేరు పెట్టి వ్యాసం రాశారు. 1986లో టెక్ ప్రోగ్రామ్ మొత్తాన్ని వివరణతో సహా పుస్తకంగా అచ్చేశారు. తన పుస్తకాల్లో తప్పు పట్టుకున్నవారికి 2.56 డాలర్ల చెక్కు పంపడం 2008 దాకా ఆయన రివాజ్‌గా ఉండేది. హిసాబ్ విప్పి పెట్టినవాడికి తప్పు చూపినవాడు దుష్మన్ అనిపించడు, చెక్కు ఇచ్చి షుక్రియా చెప్పాలనిపిస్తుంది.

నోట్‌బుక్ పుట్టుక

నూత్ పద్ధతిలో కోడూ వివరణా కలిశాయి. నతీజా ఇంకా విడిగానే ఉంది. ప్రోగ్రామ్ నడిపితే వచ్చే అంకెలు, నక్షాలు ఆ కితాబ్‌లో ఉండవు. ఆ మూడో వస్తువును కూడా అదే పేజీ మీదికి తెచ్చింది 1988 జూన్‌లో వచ్చిన మ్యాథమెటికా. స్టీఫెన్ వుల్‌ఫ్రమ్ కంపెనీది అది. అందులో నోట్‌బుక్ అనే పేజీని తయారు చేసింది థియోడోర్ గ్రే. పేజీ గడులుగా ఉంటుంది. వాటిని సెల్ అంటారు. ఒక సెల్‌లో మన మాటలు, తర్వాతి దాంట్లో లెక్క, దాని కిందే జవాబు, జవాబు కింద గ్రాఫ్. స్కూల్ పిల్లలు లెక్కల కాపీలో చేసే పనే, కాకపోతే లెక్క మెషీన్ చేస్తుంది. పనిముట్టు అద్భుతం, మగర్ అది కొనుక్కోవాల్సిన సరుకు. కొనగలిగిన యూనివర్సిటీ పిల్లలకే అది చేతికందింది.

ఇంకో వైపు నుంచి అదే స్టాన్‌ఫర్డ్‌లో భూగర్భ శాస్త్రవేత్త జాన్ క్లేర్‌బౌట్‌కి ఒక ఫికర్ పట్టుకుంది. భూమి లోపలి పొరల బొమ్మలు కంప్యూటర్‌తో గీసే పని వాళ్లది. ఒక షాగిర్ద్ చదువు ముగించి వెళ్లిపోతే, అతని బొమ్మను ఇంకొకరు మళ్లీ తయారు చేయలేకపోతున్నారు. 1990ల మొదట్లో ఆయన తన బృందానికి ఒక నియమం పెట్టారు: వ్యాసంలో ఉన్న ప్రతి బొమ్మా ఒక్క కమాండ్ కొడితే మళ్లీ తయారవ్వాలి. 1995లో స్టాన్‌ఫర్డ్‌కే చెందిన బక్‌హైట్, డోనోహో ఆ ఆలోచన ఖులాసా ఇలా చెప్పారు: అచ్చయిన వ్యాసం ఇల్మ్‌కి ఇష్తెహార్ మాత్రమే, అసలు ఇల్మ్ ఆ బొమ్మలను పుట్టించిన కోడూ డేటాలోనే ఉంది.

ఆ తర్వాత ముఫ్త్‌గా దొరికే పనిముట్లు ఒక్కొక్కటే వచ్చాయి. గణాంకాల కోసం వాడే ఆర్ భాషలో 2002లో ఫ్రీడ్రిష్ లైష్ 'స్వీవ్' తెచ్చారు. రాతలో అంకె ఉండాల్సిన చోట కోడ్ రాస్తే, పేజీ తయారయ్యేటప్పుడు అంకె తానే వచ్చి కూర్చుంటుంది. 2012లో యీహుయ్ షీ 'నిటర్'తో ఆ పనిని చాలా ఆసాన్ చేశారు. పైథాన్ భాష వైపు, 2001లో కొలంబియా దేశస్థుడు ఫెర్నాండో పెరేజ్ అమెరికాలో భౌతికశాస్త్రం పీహెచ్‌డీ చేస్తూ, థీసిస్ రాయాల్సిన వేళ 259 లైన్ల చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. పేరు ఐపైథాన్. పదేళ్లకు, 2011 డిసెంబరులో, బ్రయన్ గ్రేంజర్ లాంటి సాథీల మెహనత్‌తో అది బ్రౌజర్‌లో నడిచే నోట్‌బుక్ అయింది. అదే 2014లో జూపిటర్ అనే పేరు తీసుకుంది. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు భాషల పేర్లు అందులో ఉన్నాయి. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ ఉన్న చందమామల గురించి రోజురోజూ రాసుకున్న నోటు పుస్తకాల యాదీ కూడా ఉంది.

వండి ఉంచిన దేగ్

నోట్‌బుక్ వచ్చింది. కానీ దాన్ని చూడాలంటే ఎదుటివాడి కంప్యూటర్‌లో కూడా పైథాన్ ఉండాలి, నోట్‌బుక్ సాఫ్ట్‌వేర్ ఉండాలి. మామూలుగా ఫోన్‌లో చదువుకునే మనిషికి ఎలా చేరుతుంది? ఇక్కడే రెండో ధార వచ్చి కలుస్తుంది. దాని పేరు స్టాటిక్ వెబ్‌సైట్.

వంట భాషలో చెబితే అర్థమైపోతుంది. దోసెల బండి దగ్గర మనిషి వచ్చి అడిగాకే పెనం మీద పిండి పడుతుంది. వందమంది వస్తే వందసార్లు పొయ్యి దగ్గర పని. దావత్‌లో అలా కాదు. బిర్యానీ దేగ్ ముందే దమ్ అయి ఉంటుంది. ఎంతమంది వచ్చినా ప్లేటులో పెట్టడమే పని. వంట ఒక్కసారి, వడ్డన వెయ్యిసార్లు.

2001లో బెన్, మీనా ట్రాట్ దంపతులు తెచ్చిన మూవబుల్ టైప్ దేగ్ పద్ధతిలోనే నడిచేది. మనం రాసి అచ్చు బటన్ నొక్కితే పేజీలన్నీ ఫైళ్లుగా తయారై కూర్చునేవి. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ దోసె పద్ధతి పట్టింది. ఎవరు పేజీ అడిగినా సర్వర్‌లో ప్రోగ్రామ్ నడిచి, డేటాబేస్ నుంచి సరుకు తీసి, అప్పటికప్పుడు పేజీ కడుతుంది. రాసేవాడికి అది సుఖం. అందుకే దునియా అంతా అటు వెళ్లింది. మగర్ పొయ్యి ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. సర్వర్ కిరాయి కట్టాలి, సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు కొత్తది వేస్తూ ఉండాలి, లేకుంటే చోర్లు తలుపు పగలగొడతారు.

2008లో గిట్‌హబ్ స్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ ఈ తామ్‌ఝామ్ అంతా వద్దనుకుని జెకిల్ అనే పనిముట్టు రాశారు. మామూలు టెక్స్ట్ ఫైలు రాయాలి. తలలో రెండు మూడు లైన్లలో పేరు, ఇతర వివరాలు ఉంటాయి. జెకిల్ ఆ ఫైళ్లన్నిటినీ చదివి పూర్తి వెబ్‌సైట్‌ను ఒక ఫోల్డర్‌లో వండి పెడుతుంది. అదే ఏడాది డిసెంబరులో గిట్‌హబ్ పేజెస్ వచ్చింది. జెకిల్ ఫైళ్లు అక్కడ పెడితే సైటు ముఫ్త్‌గా నిలబడుతుంది. సర్వర్ కిరాయి కట్టలేని తాలిబ్-ఎ-ఇల్మ్‌కు కూడా సొంత పేజీ దొరికింది. ఈ దాస్తాన్‌లో పేదవాడి వైపు పడ్డ పెద్ద అడుగు ఇదేనని నా ఖయాల్.

దాని వెనకే ఇంకా వచ్చాయి. 2010లో ఫ్రాన్స్‌కి చెందిన అలెక్సిస్ మెతైరో పైథాన్‌లో పెలికన్ రాశారు. 2012లో అర్జెంటీనాకి చెందిన రోబెర్తో అల్సీనా నికోలా తెచ్చారు. 2013లో స్టీవ్ ఫ్రాన్సియా హ్యూగో తెచ్చారు.

రెండు ధారల కలయిక

2012లో పెరేజ్ తన నోట్‌బుక్‌నే పోస్టుగా పెట్టి చూపించాడు. అదే ఏడాది వాషింగ్టన్ యూనివర్సిటీ ఖగోళ శాస్త్రవేత్త జేక్ వాండర్‌ప్లాస్, జెకిల్ మీద కట్టిన ఆక్టోప్రెస్ అనే పనిముట్టులో నోట్‌బుక్‌ను ఇమిడ్చే దారి వెతికాడు. అది రూబీ భాషలో ఉంది, అతని పని అంతా పైథాన్‌లో ఉంది. రెండు భాషల మధ్య తర్జుమాన్‌లా తిరగడం విసుగొచ్చి 2013లో పెలికన్‌కి మారాడు, దాంట్లో నోట్‌బుక్ నేరుగా పోస్టు అయ్యేలా చిన్న జోడింపు రాశాడు. అతని పేజీలు చదివి పైథాన్ నేర్చుకున్నవాళ్లు చాలామంది.

ఇది ముష్కిల్ పని ఎందుకయిందో అర్థం కావాలంటే నోట్‌బుక్ ఫైలు లోపల ఏముందో చూడాలి. పైకి అందమైన పేజీలా కనబడుతుంది, లోపల అది జేసన్ అనే పద్ధతిలో రాసిన పొడవాటి టెక్స్ట్. ప్రతి సెల్ ఒక మూట. దాని జవాబు దాని పక్కనే కట్టి ఉంటుంది. గ్రాఫ్ బొమ్మ కూడా అక్షరాలుగా మారి అదే ఫైలులో దాగి ఉంటుంది. స్టాటిక్ జనరేటర్‌కి ఈ భాష రాదు. దానికి మార్క్‌డౌన్ అనే సాదా రాత కావాలి. అందుకే నడుమ ఒక తర్జుమా కావాలి. ఆ పని ఎన్‌బీకన్వర్ట్ అనే పనిముట్టు చేస్తుంది. మూటలు విప్పి, మాటలను మాటలుగా, కోడ్‌ను కోడ్‌గా రాసి, బొమ్మలను తీసి విడి ఫోల్డర్‌లో పెడుతుంది. మొదటిసారి చేసే పిల్లలకు సమస్య ఇక్కడే వస్తుంది. పేజీ ఒక చోటికి, బొమ్మల ఫోల్డర్ ఇంకో చోటికి పోయి, చదివేవాడికి బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి కనబడుతుంది. నోట్‌బుక్‌లో పోస్టు పేరు, తారీఖు రాసే తల భాగం ఉండదు కాబట్టి దాన్ని విడిగా జోడించాలి. నికోలా లాంటివి నోట్‌బుక్‌ను నేరుగా పోస్టుగా తీసుకోవడం నేర్చుకున్నాయి.

ఆ తర్వాత ఈ రివాజ్ పెద్ద ఇళ్లలోకి కూడా వెళ్లింది. 2016 ఫిబ్రవరిలో గురుత్వాకర్షణ తరంగాలు దొరికాయని లైగో శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు, డేటాతో పాటు దాన్ని ఎలా విడదీసి చూడాలో చూపే నోట్‌బుక్ కూడా అందరికీ తెరిచి పెట్టారు. నూరేళ్లుగా దునియా ఎదురుచూసిన సంకేతాన్ని ఒక కాలేజీ పిల్లాడు తన ల్యాప్‌టాప్ మీద తానే తీసి చూడగలిగాడు. 2017లో యీహుయ్ షీ, ఆయన సాథీలు ఆర్ వాళ్ల కోసం హ్యూగో మీద నడిచే బ్లాగ్‌డౌన్ గురించి కితాబ్ రాశారు. 2020లో హామెల్ హుసేన్, జెరెమీ హోవర్డ్ ఫాస్ట్‌పేజెస్ తెచ్చారు. నోట్‌బుక్‌ను గిట్‌హబ్‌లో ఒక ఫోల్డర్‌లో పడేస్తే చాలు, తర్జుమా, వంట, వడ్డన అన్నీ అక్కడే జరిగిపోయేవి. రెండేళ్లకే, 2022లో, ఆర్‌స్టూడియో కంపెనీ క్వార్టో తెచ్చింది. పైథాన్, ఆర్, జూలియా అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చిన పనిముట్టు అది. ఫాస్ట్‌పేజెస్ చేసినవాళ్లే తమ దుకాణం మూసి, ఇక క్వార్టోకి వెళ్లండని వాడేవాళ్లకు చెప్పారు. మెరుగైనది కనబడినప్పుడు తమ సరుకు పక్కన పెట్టడానికి కూడా దిల్ కావాలి.

చల్లారిన జవాబు

ఇక్కడితో ఆపితే సగం నిజం చెప్పినట్టే. పేజీ మీద కోడ్ ఉంది, కింద జవాబు ఉంది. ఆ జవాబు ఆ కోడ్ నుంచే వచ్చిందని ఏతబార్ ఏమిటి?

నోట్‌బుక్‌లో సెల్స్‌ను పై నుంచి కిందికే నడపాలని ఏమీ లేదు. ముందు మూడోది, తర్వాత మొదటిది, మళ్లీ ఐదోది ఎలాగైనా నడపొచ్చు. నడిపాక ఒక సెల్‌ను చెరిపేసినా, అది పుట్టించిన అంకె మెషీన్ జ్ఞాపకంలో ఉండిపోతుంది. ఖాతా పుస్తకంలో ఒక పేజీ చించేసినా దాని మొత్తం కింది కూడికలో ఉండిపోయినట్టు. రాసినవాడి నీయత్ సాఫ్‌గానే ఉండొచ్చు, చదివేవాడి దగ్గర మాత్రం ఆ లెక్క నిలబడదు. 2018లో న్యూయార్క్‌లో జూపిటర్ వాళ్ల సొంత సమావేశంలోనే జోయెల్ గ్రూస్ అనే ప్రోగ్రామర్ వేదికెక్కి, నాకు నోట్‌బుక్‌లు నచ్చవని ఈ ఖామీనే ముందు పెట్టి చూపించాడు. నచ్చదన్నవాడిని పిలిచి మైకు ఇచ్చిన ఆ సమావేశానికీ మెచ్చుకోలు చెప్పాలి.

2019లో పరిశోధకులు గిట్‌హబ్ నుంచి 14 లక్షల నోట్‌బుక్‌లు జమ చేసి తహ్కీక్ చేశారు. వాటిలో నడిపి చూడటానికి వీలైనవాటిని మళ్లీ నడిపితే, తప్పు రాకుండా చివరిదాకా నడిచినవి సుమారు 24 శాతం. ఫైలులో ఉన్న జవాబే మళ్లీ వచ్చినవి సుమారు 4 శాతం. అంటే నూటికి నాలుగు. ఇందులో మోసం వెతకనక్కర్లేదు. ఒకరి కంప్యూటర్‌లో ఉన్న డేటా ఫైలు ఇంకొకరి దగ్గర ఉండదు. ఒక పనిముట్టు కొత్త కూర్పు వస్తే పాత కోడ్ ఆగిపోతుంది. కొన్ని లెక్కల్లో యాదృచ్ఛికంగా తీసే అంకెలుంటాయి, ప్రతిసారీ మారతాయి. కారణం ఏదైనా, చదివేవాడు పేజీ మీద చూస్తున్న జవాబు మళ్లీ పుట్టడం లేదు.

స్టాటిక్ సైటు ఈ ఖామీని ఇంకొంచెం దాస్తుంది. దేగ్ మూత తీసి ప్లేటులో పెట్టాక తినేవాడికి పొయ్యి కనబడదు. ఎన్‌బీకన్వర్ట్‌కి మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అది కోడ్‌ను నడపదు. ఫైలులో పాతగా పడి ఉన్న జవాబునే తీసి పేజీ మీద పెడుతుంది. క్వార్టో కూడా జూపిటర్ నోట్‌బుక్ ఇస్తే మామూలుగా అంతే చేస్తుంది. ఆర్ మార్క్‌డౌన్ దారి వేరు. ఆ ఫైలులో జవాబులు దాచి ఉంచే చోటే లేదు. పేజీ తయారైన ప్రతిసారీ కోడ్ మళ్లీ నడవాల్సిందే. నడవకపోతే పేజీయే రాదు. దానికీ ఖర్చుంది. పెద్ద లెక్కలు గంటలు తింటాయి. ఏడేళ్ల కిందటి పోస్టు ఈ రోజు కొత్త పనిముట్లతో నడపబోతే ఆగిపోవచ్చు. అందుకే క్వార్టోలో 'ఫ్రీజ్' అనే ఏర్పాటు ఉంది. ఫైలు మారితేనే మళ్లీ వండు, లేకపోతే ఉన్నదే ఉంచు అని చెప్పొచ్చు.

ఈ రెండు దారుల్లో ఏది మేలు? అచ్చేసే ముందు ఒక్కసారి మెషీన్ జ్ఞాపకం మొత్తం తుడిచి, పై నుంచి కిందికి అన్ని సెల్స్ నడిపి, ఆ తర్వాతే సైటు వండితే ఏ దారైనా మేలే. జూపిటర్ మెనూలోనే ఆ పని చేసే బటన్ ఉంది. పేజీ కింద ఏ పనిముట్టు ఏ కూర్పుతో నడిపారో, డేటా ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ తారీఖున నడిపారో రాయాలి. డేటా పెట్టడానికి ఇజాజత్ ఉంటే పక్కనే పెట్టాలి. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న డేటా మాత్రం ఎవరి అమానత్ వారిది, దాన్ని పేజీ మీదికి తేకూడదు. తెచ్చి తర్వాత చెరిపేసినా గిట్‌హబ్ పాత కూర్పులను కూడా దాచి ఉంచుతుందని పిల్లలు గుర్తుంచుకోవాలి.

చదివేవాళ్ల జిమ్మేదారీ

రాసేవాళ్ల పని అది. చదివేవాళ్ల పని కూడా ఒకటుంది. ఇప్పుడు రోజూ ఫోన్‌లోకి అంకెలు వచ్చి పడుతుంటాయి. మన బస్తీలో ఇంతమంది చదువుకోలేదు, ఫలానా జిల్లాలో ఇన్ని బడులు మూతపడ్డాయి, ఫలానా మందుతో ఇంత శాతం నయమైంది. అంకె వినగానే మనిషి సగం నమ్మేస్తాడు. ఆ అంకె వెనక హిసాబ్ ఎక్కడ అని అడిగే అలవాటు మన ఇళ్లలో షాదీ ఖర్చుల దగ్గర బాగానే ఉంది. దాన్ని ఫోన్ దాకా తెచ్చుకోవాలి.

మన పిల్లల చేతుల్లో ఇప్పుడు ఆ పనిముట్లు ముఫ్త్‌గా ఉన్నాయి. పైథాన్, జూపిటర్, జెకిల్, క్వార్టో దేనికీ పైసా కట్టనక్కర్లేదు. నోట్‌బుక్ సెల్‌లో తెలుగులో బయాన్ రాయొచ్చు, పేజీ తెలుగులోనే వస్తుంది. సర్కారు బయటపెట్టిన జనాభా లెక్కల పట్టిక తీసుకుని, మన మండలంలో ఆడపిల్లల చదువు ఎలా ఉందో లెక్క కట్టి, ఎలా కట్టామో వాక్యం వాక్యంగా చెప్పి, గ్రాఫ్‌తో సహా పేజీ పెట్టడానికి ఒక బీటెక్ పిల్లకు ఓ ఆదివారం చాలు. ఆ పేజీని వాళ్ల నానీ ఫోన్‌లో చదవగలదు. పక్క ఊరి ఉస్తాద్ అదే ఫైలు దించుకుని మళ్లీ నడిపి, ఇక్కడ ఒక వరుస జారిపోయింది బేటీ అని చెప్పగలడు. ఆమె దిద్ది మళ్లీ పెట్టగలదు.

హెర్న్‌డన్ ఎక్సెల్ ఫైలు అడిగి తెప్పించుకోవాల్సి వచ్చింది. రేపటి షాగిర్ద్‌కి అడగాల్సిన పని ఉండకూడదు. అంకె ఉన్న పేజీ మీదే హిసాబ్ కూడా ఉండాలి, తెరిచి చూసినవాడికి అది మళ్లీ నడవాలి.